తేమ తగిలితే ఫోమ్ ఎంత మెత్తబడుతుంది? బయోపాలిమర్లకు మోడల్ కట్టే పద్ధతి

గాలిలో తేమను అడ్డంగా, మాడ్యులస్‌ను (పదార్థం గట్టిదనాన్ని చెప్పే కొలతను) నిలువుగా పెట్టి, చుక్కల మధ్య నుంచి ఒక వంపు గీత లాగి ‘ఇదే మోడల్’ అనెయ్యడం తేలిక. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ గీత మీ చేతిలో ఉన్న ఆ ఒక్క ఫోమ్‌కే పనికొస్తుంది. సాంద్రత కాస్త మారినా, గది ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినా మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. స్టార్చ్ ఫోమ్ అయినా, సెల్యులోజ్ స్పాంజి అయినా, జెలటిన్ స్కాఫోల్డ్ అయినా పని మూడు ప్రశ్నలుగా విడిపోతుంది. ఈ గాలిలో పదార్థం ఎంత నీరు పట్టుకుంటుంది? అంత నీరు పట్టిన గోడ ఎలాంటి పదార్థంగా మారుతుంది? ఆ గోడలతో కట్టిన నిర్మాణం బరువును ఎలా మోస్తుంది? మూడింటికీ విడివిడిగా కొలతలు తీసి, చివర్లో గొలుసులా కలపండి. కింద చెప్పేదంతా ఆ గొలుసు గురించే.

ముందు నీరు ఎక్కడుందో తేల్చుకోండి

‘రంధ్రాలున్న పదార్థం’ అనగానే నీళ్లు రంధ్రాల్లో నిండుతాయని అనుకుంటాం. మామూలు ఫోమ్‌లో అలా జరగదు. ఎంత రంధ్రంలో ఏ ఆర్ద్రతకు ఆవిరి నీరుగా పేరుకుంటుందో చెప్పే కెల్విన్ సమీకరణంతో ఒక్కసారి లెక్క వేసి చూడండి. 25 డిగ్రీల దగ్గర, 50 శాతం ఆర్ద్రతలో ఆవిరి నీరుగా పేరుకోవాలంటే రంధ్రం వ్యాసార్ధం సుమారు 1.5 నానోమీటర్లకు మించకూడదు. 90 శాతంలో 10 నానోమీటర్లు. ఒక మైక్రాన్ రంధ్రం నిండాలంటే ఆర్ద్రత దాదాపు 99.9 శాతం కావాలి. మీ ఫోమ్ గదులు, అంటే గోడల మధ్య ఖాళీలు, వంద మైక్రాన్లో, అర మిల్లీమీటరో ఉంటాయి. అంటే గదులు పొడిగానే ఉంటాయి, నీరంతా గోడల్లో పాలిమర్ గొలుసుల మధ్య దూరుతుంది. మోడల్‌లో నీరు మార్చేది గోడనే అని చెప్పడానికి ఈ లెక్కే ఆధారం.

ఏరోజెల్ లాంటి నానో రంధ్రాల పదార్థమైతే కథ వేరు. అక్కడ నీరు నిజంగానే రంధ్రాల్లో పేరుకుంటుంది. దాని తలతన్యత గోడలను లోపలికి లాగి నిర్మాణాన్ని కుదించేస్తుంది. మీది అలాంటిదైతే కింది పద్ధతిలో నిర్మాణానికి సంబంధించిన భాగం ఉన్నదున్నట్టు పనికిరాదు.

నీటి లెక్క: ఉప్పు డబ్బాలు, తూకం, ఒక సమీకరణం

పదార్థం ఎంత తేమ పట్టిందో కొలిచే ఖరీదైన సార్ప్షన్ యంత్రం లేకపోయినా పని ఆగదు. మూత బిగుతుగా పట్టే డబ్బాల్లో సంతృప్త లవణ ద్రావణాలు పెట్టుకోండి. 25 డిగ్రీల దగ్గర లిథియం క్లోరైడ్ 11 శాతం ఆర్ద్రత నిలబెడుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ 33, పొటాషియం కార్బొనేట్ 43, మెగ్నీషియం నైట్రేట్ 53, సోడియం క్లోరైడ్ 75, పొటాషియం క్లోరైడ్ 84, పొటాషియం నైట్రేట్ సుమారు 93 శాతం ఇస్తాయి. డబ్బా అడుగున కరగని ఉప్పు కంటికి కనిపిస్తూ ఉండాలి. అది కనిపించకపోతే ద్రావణం సంతృప్తం కాదు, మీ అంకె కూడా నమ్మదగింది కాదు. 80 శాతం దాటిన డబ్బాల్లో వారం తిరిగేసరికి బూజు పడుతుంది. చిన్న గిన్నెలో కాస్త థైమాల్ పెడితే ఆగుతుంది.

నమూనాలన్నిటినీ ఒకే వైపు నుంచి తీసుకురండి. బాగా ఎండబెట్టి తేమ ఎక్కించిన ముక్క, తడి నుంచి ఆరుతూ వచ్చిన ముక్క ఒకే డబ్బాలో పక్కపక్కనే కూర్చున్నా రెండింటి బరువూ ఒకటి కాదు. ఆరుతూ వచ్చినదే ఎక్కువ నీరు పట్టుకుని ఉంటుంది. ఇది హిస్టెరిసిస్. రెండు వైపుల ముక్కల్నీ కలిపేసి ఒకే గీత గీస్తే ఏ వైపుకూ సరిపోని గీత వస్తుంది.

బరువులు నిలకడకు వచ్చాక, ఏ ఆర్ద్రతలో ఎంత నీరు పడుతుందో చెప్పే గాబ్ సమీకరణం పెట్టండి. గుగ్గెన్‌హైమ్, ఆండర్సన్, డి బోర్ అనే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది.

మా = మా₀ × సి × కె × వా ÷ [(1 − కె×వా) × (1 − కె×వా + సి×కె×వా)]

ఇక్కడ ‘వా’ అంటే వాటర్ యాక్టివిటీ, అంటే ఆర్ద్రత శాతాన్ని వందతో భాగించిన విలువ. ‘మా’ పొడి పదార్థం ఒక గ్రాముకు పట్టిన నీరు. ‘మా₀’ మొదటి పొరకు సరిపడే నీరు. సి, కె స్థిరాంకాలు. పాత పద్ధతిలో దీన్ని వర్గ సమీకరణంగా తిప్పి రాసి స్థిరాంకాలు తీసేవారు. అలా చేస్తే కొలతల్లోని తప్పులు వంకరగా పెరుగుతాయి కాబట్టి సమీకరణాన్ని ఉన్నదున్నట్టే చుక్కలకు అతికించండి, అంటే నేరుగా నాన్‌లీనియర్ ఫిట్ చెయ్యండి. పైథాన్‌లో సైపై అనే లెక్కల లైబ్రరీ ఉంటే పది లైన్ల పని. కె విలువ 1 దాటి వస్తే ఫిట్‌ను నమ్మొద్దు. ఎక్కువసార్లు పై చివరి చుక్కల్లోనో, పొడి బరువులోనో పొరపాటు ఉంటుంది.

ఉదాహరణకు మా₀ 0.07, సి 10, కె 0.8 అనుకుందాం. 50 శాతం ఆర్ద్రతలో మా 0.10, 75లో 0.164, 83లో 0.20, 93లో 0.264 వస్తాయి. ఈ అంకెలతోనే చివరిదాకా నడుద్దాం.

పొడి లెక్కా, తడి లెక్కా?

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ ఒక్కచోట నేనే ఒకసారి మూడు వారాలు పోగొట్టుకున్నాను, ఇతరుల లెక్కల్లోనూ ఇదే కనిపిస్తుంటుంది. గాబ్ ఇచ్చేది పొడి లెక్క: 100 గ్రాముల పొడి పదార్థానికి 20 గ్రాముల నీరు. తర్వాతి మెట్టులో వాడే గోర్డన్–టేలర్ సమీకరణం (నీరు కలిసిన గోడ ఏ వేడి దగ్గర మెత్తబడుతుందో చెప్పేది) అడిగేది తడి లెక్క: మొత్తం బరువులో నీటి వాటా. 20 ని 120 తో భాగిస్తే 0.167. రెండూ ‘తేమ శాతమే’ కదా అని 0.20 ని నేరుగా పెట్టేస్తే ఏమవుతుందో చూడండి.

గోర్డన్–టేలర్ ఇలా ఉంటుంది:

టీజీ = (పొడి వాటా × పొడి టీజీ + క × నీటి వాటా × నీటి టీజీ) ÷ (పొడి వాటా + క × నీటి వాటా)

టీజీ అంటే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత. దానికి కింద గోడ గాజులా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. పైకి వెళ్తే రబ్బరులా సాగుతుంది. నీటి టీజీ 136 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు కింద 137 డిగ్రీల సెల్సియస్. అంత కిందున్న నీరు చిటికెడు కలిసినా మిశ్రమం టీజీని లాగి పడేస్తుంది. పొడి స్టార్చ్ టీజీని నేరుగా కొలవలేం, అక్కడికి చేరేలోపే పదార్థం మాడిపోతుంది. తేమ ఉన్న నమూనాల కొలతల నుంచి పొడిగిస్తే 500 కెల్విన్ ప్రాంతం అనుకోవచ్చు. సమీకరణంలోని స్థిరాంకం ‘క’ను 5 గా తీసుకుందాం. లెక్కల్లో ఉష్ణోగ్రతలు కెల్విన్‌లోనే ఉండాలి సుమా.

నీటి వాటా 0.167 అయితే టీజీ 318 కెల్విన్, అంటే 45 డిగ్రీలు. పొరపాటున 0.20 పెడితే 298 కెల్విన్, అంటే 25 డిగ్రీలు. మొదటి లెక్క ప్రకారం గది వేడిలో ఫోమ్ ఇంకా గాజు స్థితిలోనే ఉంది. రెండో లెక్క ప్రకారం అది సరిగ్గా మెత్తబడే అంచు మీద ఉంది. నమూనా ఒక్కటే, తీర్పులు మాత్రం రెండు. మీ ఫైల్‌లో తేమ అని ఉన్న ప్రతి చోటా పొడి లెక్కో తడి లెక్కో పేరులోనే రాసుకోండి.

గోడ గట్టిదనం

టీజీ తెలిసింది కాబట్టి గోడ మాడ్యులస్‌కు వెళ్దాం. గాజు స్థితిలో బయోపాలిమర్ గోడ గిగాపాస్కల్‌లలో ఉంటుంది, టీజీ దాటాక వంద నుంచి వెయ్యి రెట్లు పడిపోవచ్చు. స్ఫటిక భాగం ఎక్కువున్న సెల్యులోజ్ లాంటివి అంత పడవు. ఆ స్ఫటికాల్లోకి నీరు పోదు, అవి గోడను నిలబెట్టి ఉంచుతాయి.

ఈ పడిపోవడాన్ని వర్ణించడానికి పెలెగ్ వాడుకలోకి తెచ్చిన ఫెర్మి ఆకారపు సమీకరణం చాలు: ఒక మెట్టు, దానికొక మధ్య బిందువు, ఒక వెడల్పు. అయితే దాన్ని మాడ్యులస్ మీద పెట్టాలా, మాడ్యులస్ లాగరిథమ్ మీద పెట్టాలా? నా ఓటు లాగరిథమ్‌కే. వంద నుంచి వెయ్యి రెట్లు పడిపోయే రాశిని మామూలు స్కేలు మీద ఫిట్ చేస్తే పొడి చివర చుక్కలే మొత్తం ఫిట్‌ను ఈడ్చుకుపోతాయి. రబ్బరు చివర పదిరెట్లు తప్పున్నా కంటికి ఆనదు.

లాగ్ మాడ్యులస్ = లాగ్ రబ్బరు విలువ + (లాగ్ గాజు విలువ − లాగ్ రబ్బరు విలువ) ÷ [1 + ఎక్స్‌పొనెన్షియల్((ఉష్ణోగ్రత − టీజీ) ÷ వెడల్పు)]

గాజు విలువ 2000 మెగాపాస్కల్, రబ్బరు విలువ 20, వెడల్పు 8 డిగ్రీలు అనుకోండి. గది 25 డిగ్రీలు. టీజీ 45 అయితే గోడ మాడ్యులస్ సుమారు 1400 మెగాపాస్కల్. టీజీ 25 అయితే సుమారు 200. ఇందాకటి పొడి–తడి పొరపాటు ఖరీదు ఏడు రెట్లు!

ఒక చిక్కు ఉంది. బాగా ఎండిన పదార్థానికి కొద్దిగా తేమ తగిలినప్పుడు కొన్ని స్టార్చ్ పదార్థాలు మెత్తబడటానికి ముందు కాస్త గట్టిపడినట్టు, విరగడానికి ఎక్కువ బలం కోరినట్టు కనిపిస్తాయి. దీన్ని యాంటీప్లాస్టిసైజేషన్ అంటారు. పై సమీకరణం దీన్ని చూపించదు. మీ కొలతల్లో చిన్న గుట్ట కనిపిస్తే దాన్ని కొలత దోషమని చెరిపేయకండి. మీకు కావలసింది ఎక్కువ తేమ వైపు ప్రవర్తనే అయితే దాన్ని మోడల్ బయట వదిలేసి, వదిలేశానని రాసుకుంటే సరిపోతుంది.

గోడ విలువలను ఫోమ్ నుంచి వెనక్కి లెక్కగట్టొద్దు. అదే పాలిమర్‌తో పలచని ఫిల్మ్ పోసి, అదే డబ్బాల్లో తేమ పట్టించి, లాగి కొలవండి. ఫిల్మ్ పొయ్యడం కుదరకపోతే నానోఇండెంటేషన్, అంటే అతి సన్నని మొనతో గోడనే నొక్కి కొలవడం. ఈ కష్టం పడితే చివర్లో ఫోమ్ దగ్గర సర్దుకోవాల్సిన స్థిరాంకాలు ఒకటో రెండో మిగులుతాయి. లేకపోతే ఆరేడు స్థిరాంకాలు పెట్టి ఏ చుక్కలకైనా గీత అతికించవచ్చు, అందులో తెలిసేదేమీ ఉండదు.

గోడ నుంచి ఫోమ్‌కు

గిబ్సన్, యాష్‌బీ చూపిన సంబంధం సూటిగా ఉంటుంది. తెరిచిన గదుల ఫోమ్ మాడ్యులస్ = గోడ మాడ్యులస్ × సాపేక్ష సాంద్రత వర్గం. సాపేక్ష సాంద్రత అంటే ఫోమ్ సాంద్రతను గోడ సాంద్రతతో భాగించినది. ముందుండే స్థిరాంకం 1 కి దగ్గర్లో ఉంటుంది. గోడలు వంగుతాయి కాబట్టి వర్గం వచ్చింది. మూసిన గదుల్లో గోడలు సాగుతాయి కూడా, అందుకని ఘాతం తగ్గుతుంది. మీ ఘాతం ఎంతో మీరే తేల్చుకోవాలి. అందుకు ఒకే తేమలో కనీసం నాలుగైదు వేర్వేరు సాంద్రతల ఫోమ్‌లు కావాలి.

మన ఉదాహరణలో ఫోమ్ ఘనపు మీటరుకు 100 కిలోలు, గోడ 1500 కిలోలు అనుకుందాం. సాపేక్ష సాంద్రత 0.067, దాని వర్గం 0.0044. గొలుసు కలిపితే:

75 శాతం ఆర్ద్రతలో టీజీ 63 డిగ్రీలు, ఫోమ్ మాడ్యులస్ సుమారు 8.5 మెగాపాస్కల్.
83 శాతంలో టీజీ 45 డిగ్రీలు, ఫోమ్ 6.3.
93 శాతంలో టీజీ 20 డిగ్రీలు, ఫోమ్ 0.43.

మొదటి ఎనిమిది శాతానికి నాలుగో వంతు పోయింది. తర్వాతి పది శాతానికి పదిహేను రెట్లు పడిపోయింది. మీ డబ్బాల ఆర్ద్రతలను ఎక్కడ దగ్గరగా పేర్చుకోవాలో ఈ లెక్క ముందే చెబుతుంది. అందుకే ప్రయోగానికి ముందు ఒకసారి ఊహ అంకెలతోనైనా గొలుసంతా నడిపి చూడమంటాను.

ఇక్కడ ఇంకో గొయ్యి. తేమ పట్టిన ఫోమ్‌ను తూచి, ఆ తడి బరువుతో సాంద్రత లెక్కగట్టి సమీకరణంలో పెడితే 15 శాతం నీటికి సాంద్రత 1.15 రెట్లు, వర్గం చేస్తే 1.32 రెట్లు. అంటే నీరు పట్టినందుకు ఫోమ్ గట్టిపడిందని మోడల్ చెబుతుంది! నీరు గోడను ఉబ్బించినప్పుడు ఫోమ్ కూడా అదే నిష్పత్తిలో ఉబ్బితే గోడలు ఆక్రమించిన వాటా మారదు, సాపేక్ష సాంద్రత అంతే ఉంటుంది. పొడి బరువు తీసుకుని, తేమ పట్టాక కాలిపర్‌తో కొలతలు తీసి, గోడ ఉబ్బును లెక్కలో పెట్టి సాపేక్ష సాంద్రత తేల్చండి. టీజీ దాటిన ఫోమ్ రోజుల తరబడి డబ్బాలో కూర్చుంటే గదులు మెల్లగా కుంగిపోతాయి. అప్పుడు సాపేక్ష సాంద్రత నిజంగానే పెరుగుతుంది, కాలిపర్ అది పట్టేస్తుంది.

మాడ్యులస్ ఒక్కటే కాదు, నలిగే బలం కావాలన్నా జాగ్రత్త. పొడి ఫోమ్ గోడలు పటపట విరుగుతాయి. మధ్య తేమలో గోడలు వంగి అలాగే ఉండిపోతాయి. రబ్బరు స్థితిలో ఒంగి, బరువు తీస్తే లేచి నిలబడతాయి. నలిగే బలం మొదటి రెండింటిలో సాపేక్ష సాంద్రతకు 1.5 ఘాతంతో మారుతుంది, గోడ బలాన్ని గుణించే స్థిరాంకాలు వరుసగా 0.2, 0.3 ప్రాంతం. మూడోదాంట్లో అది గోడ మాడ్యులస్‌తో ముడిపడుతుంది: 0.05 × గోడ మాడ్యులస్ × సాపేక్ష సాంద్రత వర్గం. మూడూ లెక్కగట్టి ఏది తక్కువైతే అదే ఆ తేమలో జరుగుతుందని తీసుకోండి. నిజంగా అదే జరిగిందా అన్నది బలం–స్థానభ్రంశం గీత చూస్తే తెలుస్తుంది. పొడి ఫోమ్ గీత రంపపు పళ్లలా ఉంటుంది, తేమ పెరిగేకొద్దీ పళ్లు అరిగి నున్నబడతాయి. యంత్రం సాఫ్ట్‌వేర్ తనంతట తాను గీతను నున్నగా చేసే సెట్టింగ్ ఉంటే ముందే ఆపెయ్యండి. లేకపోతే పళ్లు విరిగినవి ఫోమ్‌వో, ఫిల్టర్‌వో తెలియదు.

సమయాన్ని కలపడం

నీరు లోపలికి పోవడానికి ఎంతసేపు పడుతుంది? సగం మందం వర్గాన్ని విసరణ గుణకంతో (నీరు ఎంత త్వరగా పాకుతుందో చెప్పే అంకెతో) భాగించండి. కానీ ఆ గుణకం ఏది? తెరిచిన గదుల ఫోమ్‌లో ఆవిరి గాలిలో వేగంగా పోతుంది, కానీ దారిలో ప్రతి గోడా కాస్త కాస్త తాగేస్తుంది. ఆవిరి గుణకం సెకనుకు 2.5 × 10⁻⁵ చదరపు మీటర్లు. దారి వంకరల వల్ల సగమే అనుకుందాం. 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో సంతృప్త ఆవిరి 0.023 కిలోలు. మన ఫోమ్ గోడలు మాత్రం వాటర్ యాక్టివిటీ సున్నా నుంచి ఒకటికి మారితే ఘనపు మీటరుకు సుమారు 25 కిలోలు తాగే వాలులో ఉన్నాయి. ఆ నిష్పత్తితో గుణిస్తే ఫలిత గుణకం 1.15 × 10⁻⁸. రెండు సెంటీమీటర్ల ఘనానికి సుమారు రెండున్నర గంటలు. గదులన్నీ మూసి ఉండి నీరు గోడ గుండానే పోవాల్సి వస్తే, గుణకం 10⁻¹⁰ అనుకున్నా, అదే ఘనానికి పదకొండు రోజులు దాటుతుంది.

ఇదే గుణకంతో ఇంకో లెక్క. డబ్బాలోంచి తీసిన ఫోమ్ ముక్కను అయిదు నిమిషాలు బల్ల మీద ఉంచితే బయటి రెండు మిల్లీమీటర్ల తేమ మారిపోతుంది. రెండు సెంటీమీటర్ల ఘనంలో ఆ పొర దాదాపు సగం ఘనపరిమాణం ఉంటుంది. కాబట్టి ముక్కను పలచని ప్లాస్టిక్ ఫిల్మ్‌లో చుట్టి తీసుకెళ్లండి, పరీక్షకు ముందూ తర్వాతా తూచండి. రెండు తూకాలూ కలవకపోతే ఆ చుక్కను పక్కన పెట్టండి.

వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో తేమకు ప్రత్యేక మాడ్యూల్ లేకపోతే ఉష్ణ ప్రసరణనే వాడుకోండి: ఉష్ణోగ్రత స్థానంలో తేమ, వాహకత స్థానంలో విసరణ గుణకం, సాంద్రత–విశిష్టోష్ణం లబ్ధం 1, వ్యాకోచ గుణకం స్థానంలో ఉబ్బు గుణకం. ఒకే పదార్థం ఉన్నంతవరకు ఇది చక్కగా నడుస్తుంది. రెండు పదార్థాలు అతుక్కున్న చోట మాత్రం తేమ శాతం అంచు మీద గెంతుతుంది, గెంతకుండా ఉండేది వాటర్ యాక్టివిటీ. అలాంటి చోట తేమకు బదులు యాక్టివిటీనే చలరాశిగా తీసుకోండి.

మోడల్‌ను ఇరుకున పెట్టండి

ఫిట్‌లో వాడని ఒక ఆర్ద్రత, వాడని ఒక సాంద్రత, వీలైతే వాడని ఒక ఉష్ణోగ్రత ముందే పక్కన దాచుకోండి. స్థిరాంకాలన్నీ తేలాక వాటిని అంచనా వెయ్యండి. ఎక్కడ తప్పిందో చూస్తే ఏ కొక్కెం వదులో తెలుస్తుంది. అన్ని తేమల్లోనూ ఒకే నిష్పత్తిలో తప్పితే నిర్మాణ స్థిరాంకం సరిగా లేదు. పడిపోయే గీత ఆకారం సరిగ్గా ఉండి, ఆర్ద్రత అక్షం మీద పక్కకు జరిగితే గాబ్‌నో టీజీనో అనుమానించండి. ఉష్ణోగ్రత మారినప్పుడే తప్పితే 25 డిగ్రీల గాబ్ స్థిరాంకాలను వేరే వేడి దగ్గర వాడేశారేమో చూసుకోండి.

ఇదంతా తేమ నిలకడగా ఉన్న ఫోమ్‌కు. బరువు మోస్తూ ఉండగా తేమ పెరుగుతూ తగ్గుతూ ఉంటే, స్థిరంగా తడిగా ఉన్నప్పటికంటే కూడా పదార్థం ఎక్కువ సాగిపోవచ్చు. చెక్కలో దీన్ని 1960లోనే ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ చూపించారు. పై గొలుసు దీన్ని పట్టుకోలేదు. మీ వాడకం అలాంటిదైతే స్ట్రెయిన్ (సాగుదల) సమీకరణంలో తేమ మారే వేగంతో ముడిపడిన పదం ఒకటి చేర్చాలి. దాని స్థిరాంకం కోసం ముక్క మీద తూనికరాయి పెట్టి, 33, 75 శాతాల డబ్బాల మధ్య అటూ ఇటూ మారుస్తూ, కనీసం అయిదారు చక్రాలు తిప్పి కొలవండి.